కుంకుమ పూసిన ఇండికేటర్ బల్బు

ముందుగా ఒట్టు పెడుతున్నాను. కళుగుమలై మురుగన్ మీద ఒట్టు, నా కుడిచేతి బొటనవేలిని సగం మింగి కక్కేసిన స్టార్టర్ మోటారు మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనివ్వండి. బస్సు హారను కొట్టి పోట్లఎద్దును పడుకోబెట్టానని చెప్పింది నేనే. సాత్తూరు ఏరు పొంగితే లారీకి తెడ్డు కట్టి దాటించానని చెప్పిందీ నేనే. అవి పొద్దుపోవడానికి చెప్పినవి. ఇది చెబుతుంటే నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడిప్పుడే వర్క్‌షాపుల్లో చేరుతున్న తమ్ముళ్ళ కోసం రాస్తున్నాను. నేను బండ్ల కరెంటు పనివాణ్ణి. ఇల్లు కోవిల్‌పట్టిలో, పని విరుదునగర్‌లో, ఒక పెద్ద సర్వీసు సెంటర్లో. పొద్దున బస్సెక్కి పోవడం, రాత్రికి గ్రీజు వాసనతో ఇంటికి రావడం. వయసు మీరకుండానే పని మానేశాను. నడుము నొప్పి వల్ల మానేశానని అందరికీ చెబుతుంటాను. నడుము నొప్పి ఉన్నమాట నిజమే కానీ, మానేసింది అందుకు కాదు. ఒక బల్బు వల్ల. చింతగింజంత బల్బు. బండి పక్క అద్దం ఉంటుంది చూడండి, ఆ అద్దం డొప్పలో కూర్చుని, బండి తిరిగేటప్పుడు మిణుకుమిణుకుమనే బల్బు.

నా భార్య తమ్ముడు ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో వ్యాను డ్రైవరు. పొద్దున్నే ఊళ్ళు తిరిగి పనికొచ్చే ఆడవాళ్ళను ఎక్కించుకుని రావాలి, సాయంత్రం మళ్ళీ దింపి రావాలి. వాడంత నెమ్మదస్తుడు మా చుట్టుపక్కల లేడు. పొయ్యి మీద కూర దించి వస్తానని ఎవరైనా కేకేస్తే, వీధి చివర బండి ఆపి కూర్చునేవాడు. కుక్క అడ్డమొస్తే హారను కూడా కొట్టడు, దానికి మనసొచ్చి లేచేదాకా ఆగుతాడు. ఇందులో అతిశయోక్తి లేదు, నేను ఆ బండిలో కూర్చుని కుక్కను తిట్టినవాణ్ణి.

అలాంటివాడి బండికి ప్రమాదం జరిగింది. కళుగుమలై రోడ్డు మీద, ఫ్యాక్టరీకి తిరిగే ఎడమ మలుపులో. ఎడమపక్క నుంచి మోటారు సైకిలు మీద వస్తున్న ఒక కుర్రాడు, తిరుగుతున్న వ్యానుకు తగిలి పడ్డాడు. కాలు విరిగింది. గోడలకు రంగులు వేసి బతికేవాడు, మావాళ్ళే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నిచ్చెన ఎక్కితేనే కూలి.

ఆస్పత్రిలో ఆ కుర్రాడు చెప్పింది ఒకే మాట. "ఆయప్ప సిగ్నలే వెయ్యలేదు. వేసుంటే ఆగి ఉందునే."

మావాడు చెప్పిందీ ఒకే మాట. "బావా, నేను వేస్తిని. టిక్కు టిక్కుమనింది. నా చెవుల్తో వింటిని."

"నీ చెవుల్తో నువ్వు వింటే ఏం లాభంరా? వాడు కండ్లతో చూడాల గదా!"

"అట్లంటే నేను అబద్దం చెప్తాననా, బావా?"

ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు. స్టేషన్లో పెద్ద మనసు చేసుకుని, కేసు రాయకముందే మీలో మీరు మాట్లాడుకుని రండి అన్నారు. ఫ్యాక్టరీ యజమానిని మా వైపు ముదలాళి అంటాం. ఆయన అంత మనసు కూడా చేసుకోలేదు. "సిగ్నలు వెయ్యని డ్రైవరు నాకొద్దు. శనివారంలోగా తేల్చు, లేదంటే బండి తాళం బల్ల మీద పెట్టి పో" అన్నాడు. కేసు రాస్తే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే మావాడికి చేతనైన ఇంకో పని ఈ భూమ్మీద లేదు. ఇంట్లో ఉన్న మగ్గం పని వాళ్ళ నాన్నతోనే పోయింది.

సాయంత్రం ఫ్యాక్టరీ షెడ్డుకు పోయి బండి చూశాను. వెనక ఎడమ దీపం బాగానే ఉంది. ముందు దీపమూ అంతే. కానీ ఆ కుర్రాడు అప్పటికే వెనక దీపాన్ని దాటి బండి పక్కకు వచ్చేశాడు. అక్కడున్నవాడికి వెనక దీపమూ కనపడదు, ముందుదీ కనపడదు. అద్దంలోని బల్బు ఒక్కటే కనపడుతుంది. అసలు దాన్ని అక్కడ పెట్టిందే అందుకు. మావాణ్ణి కూర్చోబెట్టి సిగ్నలు వెయ్యమన్నాను.

వెలిగింది. కాకపోతే నారింజ రంగులో కాదు, తెల్లగా. తెల్లగా అనడం కూడా మర్యాదే, గంజినీళ్ళలా వెలిసిపోయి వెలిగింది. చీకటి షెడ్డులోనే అట్లా ఉంటే, మా ఊరి ఎండలో ఎవడికి కనపడుతుంది? మా ఊరి ఎండ సంగతి మీకు తెలీదు. కడలమిఠాయి, అదే వేరుశనగ పట్టీ, అమ్మే అంగడివాళ్ళు పాకానికి పొయ్యి వెలిగించరు, బెల్లం తెచ్చి మిద్దె మీద పెడతారు.

అప్పుడు అర్థమైంది. మావాడు చెప్పింది నిజం, ఆ కుర్రాడు చెప్పిందీ నిజం. ఇద్దరు నిజాయితీపరులు ఒకణ్ణొకడు దొంగ అనుకుంటున్నారు. మధ్యలో మూడోవాడు ఎవడో హాయిగా నిద్రపోతున్నాడు.

"ఈ బల్బు ఎప్పుడు మార్చినారు?"

"ఆయుద పూజ అయినాక, సర్వీసుకు వదిలినాము గదా బావా, మీ కాడనే."

మా కాడనే! నేను తూత్తుకుడిలో పెళ్ళికి పోయి పనికి లేని రోజు.

మరునాడు విరుదునగర్‌లో మధ్యాహ్నం, మా సర్వీసు సెంటరు ఎదుటి కొట్లో నూనె పరోటా తింటున్న నా సహోద్యోగి ఎదురుగా కూర్చున్నాను. అరుప్పుకోట్టై మనిషి, నాకంటే పెద్ద, చేతిలో పనితనం ఉన్నవాడు. తప్పంతా ఆ పనితనం వల్లే వచ్చింది.

"అన్నా, అగ్గిపెట్టెల వ్యానుకు అద్దంలో బల్బు వేసింది నువ్వేనా?"

"నేనే. ఏం?"

"ఏం బల్బు?"

పరోటా తుంచుతూ తలెత్తలేదు. "ఆరంజు."

"ఆరంజు బల్బు స్టాకులో లేదు గదన్నా. నేను పెండ్లికి పోయేనాటికే లేదు."

"లేదు. అందుకే చేస్తిని."

"చేస్తివా? బల్బునా?"

"మేనేజరు చెయ్యమనె. నాలుగు గంటలకు బండి పోవాల, ముదలాళి ఫోను మీద ఫోను కొడతాండాడు, ఏమైనా చెయ్యి అనె. నంబరు ప్లేటు బల్బు తెల్లది ఉండె. ఆయుద పూజకు కలిపిన కుంకుమ, పసుపు చట్టిలో మిగిలుండె. కాయిలుకు పూసే వార్నిష్‌లో కలిపి ముంచితిని. ఎండలో ఆరబెట్టితిని. సామీ, ఏం రంగనుకున్నావు! కంపెనీవాడు కూడా అట్ల చెయ్యలేడు."

నాకు అతన్ని కొట్టాలనిపించింది, మెచ్చుకోవాలనీ అనిపించింది. మా దగ్గర ఆయుధ పూజంటే స్పానరు దగ్గరనుంచి హెడ్‌లైటు దాకా బొట్టు పెట్టందే వదలరు. దేవుడికి పూసింది బండికి చెరుపు చేస్తుందని అతనికి తట్టనే లేదు. కానీ బల్బు వేడెక్కుతుంది కదా. వారం తిరగకుండానే కుంకుమ మాడింది, వార్నిష్ పొక్కులు లేచి రాలింది. లోపలి తెల్లబల్బు బయటపడింది.

"మేనేజరుకు చెప్పినావా, ఇది నిలబడదని?"

"చెప్పితిని. ఆరంజు బల్బు వచ్చినాక పిలిచి మారుస్తాములే అనె. ఆరంజు వచ్చె. పిలిచింది లేదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా మేనేజరు పుట్టుకతోనే చల్లటి గదిలో కూర్చున్నవాడు కాదు. నాతోపాటు బండి కింది గుంతలో దిగి, నాతోపాటు నూనెలో దొర్లినవాడు. నాకు బల్బు రంగుల తేడా నేర్పినవాడే అతను. పైనుంచి దిగిన దొర అయితే తెలియక చేశాడనుకుని ఊరుకుందును. ఇతనికి తెలుసు. నా కోపమంతా ఆ తెలియడం మీదే.

గదిలోకి పోయి సంగతి చెప్పాను. అతను అరవంలో చెప్పినదాన్ని తెలుగులో రాస్తున్నాను.

"వెలుగుతోందా, లేదా?"

"వెలుగుతోంది, కానీ..."

"వెలిగితే అది బల్బే. బండి నడిపేవాడు చూసుకుని నడపాలి. నీకు జీతమిచ్చేది మేమా, నీ బామ్మర్దా?"

"ఒక మనిషి కాలు విరిగింది సార్."

"రోడ్డన్నాక కాళ్ళు విరుగుతాయి. పోయి పని చూసుకో."

పోయి పని చూసుకున్నాను. ఆ రోజు నేను బిగించిన ప్రతి స్క్రూ అతని మెడ అనుకుని బిగించాను. ఆ స్క్రూలు ఈనాటికీ ఎవడికీ ఊడిరావు.

మేనేజరు ఊరికే కూర్చోలేదు. నేను బయటికి రాగానే మా బామ్మర్దికి ఫోను చేశాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతే వాడు మొహం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

"బావా, మీ మేనేజరు బంగారం బావా! బండి తీసకరా, దుడ్డు లేకుండా అంతా చూసిస్తామనె. రేపు తెల్లారి పోతాండాను."

"ఏం చూస్తాడంట?"

"సిగ్నలూ, అద్దమూ అంతా."

"ఒరే పిచ్చోడా! ఉప్పు ఎక్కువైందని తెలిసి కూరచట్టే మాయం చేసే వంటోడు వాడు! బండి ఆ గేటు లోపలికి పోయిందంటే కొత్త బల్బు పడతాది, పాతది చెత్తలోకి పోతాది, నీ తాళం ముదలాళి బల్ల మీదకు పోతాది!"

"ఆయన మంచికి చెప్పె బావా. పెద్దోండ్లు."

"పెద్దోడు! నువ్వు రేపు ఆ బండి విరుదునగర్ పక్క తిప్పితివా, ముందర చక్రం కింద నేను పండుకుంటా. ఎక్కిచ్చుకుని పో. సిగ్నలు మాత్రం వెయ్యి."

రాత్రంతా వాడి మీద అరిచాను. నా భార్య నా మీద అరిచింది. తమ్ముడు ఊరికే మొత్తుకుంటుంటే నీకెందుకంత నోరు అని. తెల్లవారేటప్పటికి ముగ్గురికీ గొంతులు పోయాయి. ఆ వీధిలో కోళ్ళు ఆ పొద్దు కూయలేదు, అవసరం లేకపోయింది.

వ్యానులో వచ్చే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దావిడ ఒకామె ఉంది. ఆమెను అందరూ పెద్దక్క అంటారు. పెట్టెలకు లేబుళ్ళు అంటించి అంటించి ఆమె వేళ్ళు చివర్లు గట్టిపడి ఉంటాయి. మాట అంతకంటే గట్టి. నేను పోయి ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె నోట్లో ఆకువక్క ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చింది.

"అంటే, వాడు వేసింది నిజం, ఈ పిలగానికి కనపడంది నిజం. ఇదేనా నువ్వు చెప్పేది?"

"ఇదే పెద్దక్కా."

"నువ్వు చెప్తే ఎవురు నమ్మేది? నువ్వు ఎద్దును పండబెట్టినోడివి."

చూశారా, సరదాకి చెప్పిన మాట ఎట్లా తిరిగొచ్చి తగులుతుందో.

"అందుకే నువ్వు చెప్పొద్దు" అంది ఆమె. "మేము చూస్తాము. ఏడ పడినాడో ఆడనే, ఆ యాళకే, ఆ ఎండకే. బండి ఎవురూ ముట్టగూడదు. ముదలాళిని నేను పిలుస్తా. రాకుంటే రేపట్నుంచి నేనొక్కతే కాదు, బండెడు ఆడోండ్లమూ ఇంట్లోనే ఉంటాము."

దీపావళి దగ్గరపడుతోంది, ఆర్డర్లు మెడ మీద ఉన్నాయి. ముదలాళి వచ్చాడు. ముదలాళి బండ్లన్నీ మా సర్వీసు సెంటర్లోనే సర్వీసు, కాబట్టి పిలవకుండానే మా మేనేజరూ కారేసుకుని వచ్చాడు. రంగుల కుర్రాడు ఆటోలో కాలు చాపుకుని వచ్చాడు. మావాడు చెమటలు కారుతూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. వాడి మొహం చూస్తే పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టుంది.

ప్రమాదం జరిగినప్పుడు మోటారు సైకిలు ఎక్కడుందో కుర్రాడు వేలితో చూపించాడు. ఆ చోట ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు, చీర చెంగులు నెత్తి మీద కప్పుకుని.

"ఇప్పుడు వెయ్యిరా!" అని అరిచాను.

లోపల టిక్కు టిక్కుమంది. కిటికీ తీసే ఉంది, ముదలాళికీ వినపడింది.

"ఏమన్నా కనపడతాందామ్మే?" అంది పెద్దక్క.

"కన్నాడిలో నా మొగమే కనపడతాంది" అంది ఒకామె.

"లైటు చూడమంటే మొగం చూసుకునేది దీనికి అలవాటు!"

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగి, మళ్ళీ వంగి చూసింది. "లేదు ముదలాళీ. నేను సూదిలో దారం ఎక్కించే మనిషిని. ఏమీ కనపడలేదు."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఎండలో ఏ బండికైనా అంతే సార్."

నేను దీనికోసమే కాచుకుని ఉన్నాను. "ఏ బండి దాకానో ఎందుకు? ఇదే బండికి కుడి అద్దం లేదా? దాంట్లో ఉండేది కంపెనీ బల్బే."

బండిని తిప్పి నిలబెట్టాడు మావాడు. అదే ఎండ, అదే చోటు. కుడి సిగ్నలు వేశాడు.

"అదో!" అని అన్ని గొంతులూ ఒక్కసారే లేచాయి. నిప్పుకణికలా కొట్టుకుంటోంది. ఆటోలో కుర్రాడు పిడికిలితో సీటు గుద్దుకున్నాడు. "అది! అట్ల ఉండుంటే నేను ఆగి ఉందును! నేను గుడ్డోడినా?"

అప్పుడు ఎడమ అద్దం విప్పాను. గాజును లోపలికి నొక్కి, అంచు కింద చదునైన ప్లాస్టిక్ ముక్క దూర్చి లేపితే క్లిప్పులు వదులుతాయి. ఇనప స్క్రూడ్రైవరు పెట్టవద్దు తమ్ముళ్ళూ, గాజు పగులుతుంది. హోల్డరు తిప్పి లాగితే బల్బు చేతిలోకి వచ్చింది. ఒక పక్క మాడి నల్లగా, ఒక పక్క బోసిగా, మధ్యలో ఎర్రటి పొక్కులు. డొప్పలో రాలిన పొట్టు కూడా గుడ్డలోకి దులిపాను.

మొదట గుడ్డ కుర్రాడి చేతికిచ్చాను. రంగులవాడు కదా, గోటితో పొక్కు గీకి చూశాడు. "ఇది వార్నిష్ మామా. లోపల పొడి ఏదో కలిపినారు."

పెద్దక్క తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "పొడి కాదురా, పసుపూ కుంకమా! బల్బుకు పూజ చేసినారా?" మేనేజరు వైపు తిరిగింది. "సారూ, మీ కాడ బల్బుకు బొట్టు పెట్టినారు, సరే. తాళి ఎప్పుడు కట్టేది? ముందే చెప్తే మేమంతా వచ్చి అక్షింతలు వేస్తుంటిమి గదా!"

ముదలాళి బల్బును అటూ ఇటూ తిప్పి చూసి, మావాడి దగ్గరికి పోయి, "పో, వీళ్ళను దింపి రా. రేపు పొద్దున ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. క్షమించమని అనలేదు. కానీ తాళం అడగలేదు. మావాడు స్టీరింగు మీద తల ఆనించి భోరుమన్నాడు, హారను మోగుతూనే ఉంది, వాడికి తెలియనే లేదు.

అప్పుడు జరిగింది అసలైన సంగతి. మేనేజరు కారు దగ్గర నిలబడ్డవాడు చెప్పులు విప్పాడు. కాలే రోడ్డు మీద వట్టి కాళ్ళతో ఆటో దాకా నడిచాడు. కుర్రాడి కట్టు కాలు దగ్గర తలవంచి, "తమ్ముడూ, తప్పు నాది. తెల్లబల్బు వెయ్యమన్నది నేను. మార్చడం మరిచిందీ నేను. నీ కాలు బాగయ్యేదాకా నీ ఇంటి ఖర్చు నాది" అన్నాడు. ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకున్నారు.

ఇప్పుడు ఒట్టు సంగతికి వస్తాను. మురుగన్ మీద పెట్టిన ఒట్టు కాబట్టి దాచకూడదు. పై పేరా నేను కల్పించాను. తక్కినదంతా నిజమే. కోళ్ళ సంగతి మీరే చూసుకోండి.

జరిగింది ఇది. నా అరచేతిలో బల్బు చూసి మేనేజరు చేతిలోని ఫోను చూసుకున్నాడు. మదురైలో మీటింగుందన్నాడు. కారు డోరు వేసుకునేముందు, "ఒక బల్బుకు ఇంత రచ్చా?" అన్నాడు. అంతే. దుమ్ము మా అందరి మీదా పడింది. ఆ కుర్రాడి వైపు కనీసం తల తిప్పలేదు. ఆ తర్వాతి వారం ఉద్యోగం పోయింది నా అరుప్పుకోట్టై సహోద్యోగికి, చెప్పకుండా నకిలీ బల్బు వేశాడని. ఆ కాగితం మీద సంతకం చేసింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. నేను కరెంటు చూసే నా టెస్టు ల్యాంపు గోడకు విసిరికొట్టి గేటు దాటాను. మేనేజరు ఇప్పుడు ఇంకా పెద్ద చోట ఉన్నాడు, ఇంకా చల్లటి గదిలో.

ఆ క్షమాపణ ముక్క టీకొట్టు దగ్గర చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే గుర్తులేదు. మొదట్లో అతను కారు దగ్గరనుంచే "తప్పయింది" అనేవాడు. తర్వాత దగ్గరికొచ్చాడు. తర్వాత చెప్పులు విప్పాడు. కిందటి ఏడు తల వంచాడు. చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం వంచుతున్నాను. అదొక్కటే ఇప్పుడు నా చేతిలో ఉన్న పని.

రంగుల కుర్రాడు ఇప్పుడు నిచ్చెన ఎక్కలేడు. పెయింట్ల కొట్లో రంగులు కలుపుతాడు. సాయంత్రం కాలు ఈడ్చుకుంటూ టీకొట్టుకు వస్తాడు. ఆ రోజు ఆటోలో కూర్చుని అంతా కళ్ళారా చూసినవాడు, ఎవడూ రాలేదని, ఎవడూ తల వంచలేదని నాకంటే బాగా తెలిసినవాడు. అయినా నేను కథ మొదలుపెట్టి మేనేజరు దగ్గరికి వచ్చేసరికి గ్లాసు కింద పెట్టేస్తాడు. అయిపోయాక అందరూ లేచి పోతారు. వాడు మాత్రం కూర్చునే ఉంటాడు.

"మామా," అంటాడు, కాలు సవరించుకుంటూ, "ఆ చెప్పులు విడిచే కాడ ఇంగొక తూరి చెప్పు."